రంగు కింద చెమట

"మేడమ్, మీ వాల్వుకి పసీనా వస్తది. లాల్ పసీనా."

పోయిన వారం గీదంలోని వాల్వు షాపు గుమ్మంలో నిలబడి కేసా వచ్చీరాని తెలుగులో అన్న మాట ఇది. చెమట పడుతోందట, ఎర్ర చెమట. పద్దెనిమిది కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఈ ఒక్క మాటా చెప్పి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. కొండ మీది కొత్త గని నుంచి ఖనిజపు బురదను కిందికి దించే పైపులైనుంది కదా, దానిలో మూడో వాల్వు పాయింటుకు అతను కాపలాదారు. పాయింటుకు సరిగ్గా దిగువన అతని ఊరు. ముప్పై గడప, ఒక వాగు. లైనులో అప్పటికింకా బురద వదల్లేదు. పరీక్ష కోసం మంచినీళ్ళే నడుపుతుండేవారు.

పొద్దుటి మంచు పట్టి ఉంటుందిలే అని శాంతిప్రియ తనకు తాను సర్దిచెప్పుకుంది. వారం రోజులు సర్దిచెప్పుకుంది. కానీ మంచు ఎర్రగా ఉండదు. ఎనిమిదో రోజు తెల్లవారేసరికి ఇక సర్దిచెప్పుకోవడానికి ఆమె దగ్గర మాటల్లేవు.

ఆ ఎనిమిదో రోజే జగదల్‌పూర్‌లో సంఘం సమావేశం.

వాల్వులు తయారుచేసేవాళ్ళూ, పాతవాటికి మరమ్మతు చేసేవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంఘం అది. దానికొక ప్రమాణాల కమిటీ ఉంది. అరిగిన వాల్వును ఎలా విప్పాలి, ఎలా నింపాలి, ఎంత ఒత్తిడి పెట్టి ఎన్ని నిమిషాలు చూడాలి అన్నదంతా కూర్చుని ఒక్కో వాక్యంగా ఖాయం చేయడం ఆ కమిటీ పని. అందులో అందరికన్నా చిన్నది శాంతిప్రియ. కిరండూల్ రైల్వే క్వార్టర్లలో పుట్టింది. పట్టాల మీద సుత్తి పట్టుకుని ముప్పై ఏళ్ళు నడిచిన జాన్‌బాబు కూతురు. ఆ ఇంటికి మొదటి డిగ్రీ ఆమెదే. కమిటీలోకి తీసుకున్నట్టు ఉత్తరం వచ్చిన రోజు జాన్‌బాబు దాన్ని క్వార్టర్ల లైనంతా తిప్పి చూపించాడు. "కమిటీ అంటే ఏటోయ్, కలెక్టరాఫీసా?" అని పక్కింటాయన అడిగితే, "అంతకన్నా పెద్దది. కలెక్టరు మారిపోతాడు గానీ ఈళ్ళు రాసింది మారదు" అన్నాడట.

మారదు. ఇప్పుడామె గుండె మీద బరువుగా కూర్చున్నది ఆ సంగతే.

ఇవాళ ఖాయం కావలసినది ఏడో నిబంధన. మరమ్మతు చేసిన ప్రతి వాల్వునూ నీళ్ళతో నింపి, లైనులో ఉండే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ఐదు నిమిషాలు ఆపి, బాడీలో ఎక్కడా కారడం లేదని చూశాకే పంపాలన్నది పాత నియమం. కొత్త ముసాయిదాలో పది వాల్వులకు ఒకటి చూస్తే చాలన్నారు. ఎందుకు చాలో చూపించే పట్టిక వెనక జతచేశారు. మరమ్మతు వాల్వులు ముప్పై ఎనిమిది. పద్నాలుగు నెలలు. కారినవి సున్నా. కింద, పరీక్షించినవారు: శాంతిప్రియ.

ముసాయిదాను ఐదు వారాల కిందటే అందరికీ పంపారు. కమిటీలో ఒక ఆచారముంది. నెల లోపల జవాబు రాయనివాళ్ళు ఒప్పుకున్నట్టే లెక్క. పెద్దలు రాసినదాని మీద మనమేం రాస్తాం అని శాంతిప్రియ ఊరుకుంది. ఊరుకున్నందుకు అంగీకరించినవారి జాబితాలో నాలుగో పేరు ఆమెదైంది.

అందుకే పొద్దున్నే ఆరున్నరకు షాపు తాళం తీయించి, ఇరవయ్యారో నంబరు వాల్వు ముందు ఇనప బ్రష్ పట్టుకుని కూర్చుంది.

ఆ ముప్పై ఎనిమిదిలో పదకొండు వాల్వులు లైనులో బిగించేశారు. తక్కినవి గని స్టోరులో ఉన్నాయి. లారీలోంచి దించేటప్పుడు అంచు ఒకచోట పెచ్చులేచి, ఈ ఒక్కటే షాపుకు తిరిగి వచ్చింది. ఎర్రగా, నున్నగా, పెళ్ళికి తయారైనట్టుంది.

"ఏందక్కా, మంచిగున్న రంగును గీకుతున్నవ్?"

గుమ్మంలో హుంగే. కొంటా బ్లాకులో భేజ్జి దగ్గరి పిల్ల. షాపులో రంగు వేసేది ఆమే. తాను వేసిన రంగు రేకులు రేకులుగా నేల మీద రాలిపడుతుంటే చూసి ఆమె మొహం మాడిపోయింది.

"నువ్వు బాగానే వేశావు హుంగే. ఇంకో బ్రష్ తీసుకుని నువ్వూ పట్టు. ఎనిమిదింటికి సార్ వస్తారు. ఈలోపల ఇనుము కనపడాలి."

"గింత మందం ఎప్పుడు గీకుతం? రెండు పూతలేసిన దీనికి."

"రెండెందుకు వేశావు? ఒకటి చాలన్నాను కదా."

"నువ్వు ఒకటి అన్నవ్. నువ్వు బస్సెక్కి పోయినంక సారొచ్చి ఇంకోటి ఏయమన్నడు. మందంగ ఏయి, ఒక్క సందు కూడ కనపడొద్దన్నడు. అన్నిటికీ గట్లనే ఏసిన."

శాంతిప్రియ చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"అన్నిటికీనా?"

"ఆఁ. అన్నిటికీ."

ఆమె మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. ఇంకాస్త గట్టిగా గీకింది.

పద్నాలుగు నెలల కిందట, మంచి వానాకాలంలో జరిగిన సంగతి చెప్పకపోతే ఈ గీకుడు ఎందుకో అర్థం కాదు. బస్తర్ వానల్లో వట్టి ఇనుము ఒక్క రాత్రి నిలవదు. నీళ్ళ పరీక్ష చేసి తుడిచి పెట్టిన వాల్వుకు తెల్లారేసరికి తుప్పు పూసేది. ఆ ఆగస్టులో గనివాళ్ళు తుప్పు పట్టాయని నాలుగు వాల్వులు తిప్పి పంపారు. షాపంతా తలలు పట్టుకుంటే, దారి చూపించింది శాంతిప్రియే. పరీక్షకు ముందే రంగు వేసేద్దాం అంది. రంగున్న ఇనుము తడిసినా తుప్పు పట్టదు కదా. షాపు బోర్డు మీద తన చేత్తోనే రాసింది, ముందు రంగు, తర్వాత పరీక్ష అని. ఆ తర్వాత తుప్పు పట్టిందని ఒక్క వాల్వూ తిరిగి రాలేదు. షాపు యజమాని సన్యాసిరావు అందరికీ జిలేబీలు తెప్పించాడు. కాలేజీలో చదివిన చదువు అన్నం పెట్టడమంటే ఇదే అనుకుంది ఆ రోజు.

బురద తిని తిని లోపల గుంటలు పడిన పాత వాల్వును వెల్డింగుతో నింపుతారు. నింపినచోట సూది మొనంత బెజ్జాలు మిగిలిపోవచ్చు. పరీక్ష పెట్టేది వాటి కోసమే. వాటి మీద రెండు పూతల రంగు ఉంటే, ఐదు నిమిషాల సేపు ఆ రంగే నీళ్ళను ఆపేస్తుంది. రోజుల తరబడి ఒత్తిడిలో ఉంటే మాత్రం తుప్పు కలిసిన ఎర్ర నీళ్ళు రంగు కిందనుంచి ఊరతాయి. ఇంత చిన్న సంగతి ఆమెకు పద్నాలుగు నెలలు తట్టలేదు. కేసా వచ్చి చెప్పేదాకా తట్టలేదు.

ఏడుంపావుకు ఇనుము బయటపడింది. రెండు వైపులా మందపాటి మూతలు బోల్టులతో బిగించి, నీళ్ళు నింపి, గాలి పోనిచ్చి, హుంగే చేతి పంపు పట్టుకుంది. లైనులో ఉండే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఇరవై కిలోలు. పరీక్షకు ముప్పై కావాలి.

"పది," అంది శాంతిప్రియ గేజు చూస్తూ. "పదిహేను. మెల్లగా. పద్దెనిమిది."

ఏమీ లేదు. ఇనుము పొడిగా ఉంది. ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచివచ్చింది. దేవా, నేనే పొరపాటు పడ్డానేమో, ఈ వారం రోజుల భయమూ ఉత్తదేనేమో.

"ఇరవై. ఇరవై రెండు."

మెడ దగ్గర, వెల్డింగు నింపిన చోట, ఆవగింజంత నీటిబొట్టు మొలిచింది.

హుంగే వేలితో తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ మొలిచింది. దాని పక్కన ఇంకొకటి. ఇంకాస్త కిందగా మూడోది. మూడూ పెరిగి ఒకదానిలో ఒకటి కలిసి సన్నటి తీగలా నేలకు జారాయి.

"అమ్మో! ఏడుస్తున్నదక్కా ఇది."

శాంతిప్రియ ఫోను తీసి ఆ నీటిని, గేజులోని ముల్లును, బాడీ మీద కొట్టిన ఇరవయ్యారు నంబరును వరసగా వీడియో తీసింది. సరిగ్గా అప్పుడే బయట కారు ఆగింది.

సన్యాసిరావు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. షాపు ఆయనది. ప్రమాణాల కమిటీకి కన్వీనరూ ఆయనే. విజయనగరం వైపు నుంచి పాతికేళ్ళ వయసులో వచ్చి ఇక్కడే తల నెరిసినవాడు. జాన్‌బాబుకు ఒకే కంచంలో తిన్నంత స్నేహితుడు. ఆడపిల్లకు పరీక్ష బల్ల ఎవరిస్తారని నాలుగు షాపులు మొహం తిప్పుకుంటే, తన షాపులో బల్ల చూపించి కూర్చోమన్నది ఆయనే. కమిటీకి ఆమె పేరు రాసి పంపిందీ ఆయనే. పనిలో ఉండగా ఆమె సార్ అంటుంది. పని అయిపోతే బాబాయ్.

"ఏటి పాపా, ఇంకా తయారవ్వలేదేటి? జగదల్‌పూర్ దగ్గరేటి?"

"బాబాయ్, ఒకసారి ఇలా రండి."

వచ్చాడు. ముందు గేజు చూశాడు. తర్వాత నేల మీది రంగు రేకులు చూశాడు. అన్నిటికన్నా చివర, కారుతున్న వాల్వు వైపు చూశాడు.

ఆయన ఆశ్చర్యపోలేదు. కోప్పడనూ లేదు. శాంతిప్రియకు భయం వేసింది అందుకే.

"హుంగే, టీ పట్టుకురా."

"పాలు లేవు సార్."

"హోటల్ నించి పట్టుకురా. మూడు. పో."

హుంగే వెళ్ళింది. సన్యాసిరావు వంగి, నీళ్ళు వదిలే కింది కాక్ ఒక్క తిప్పు తిప్పాడు. నీళ్ళు బుస్సున బయటికి దూకాయి. గేజులో ముల్లు పడి పడి సున్నా దగ్గర నిలబడింది. తర్వాత ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రంగు ఎవరు గీకమన్నారమ్మా?"

"ఎవరూ అనలేదు. పరీక్ష ఇనుముకు కదా బాబాయ్, రంగుకు కాదు కదా."

"అది ఇప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడే తెలిసింది."

"మరి ఇన్నాళ్ళూ?"

"తెలీక చేశాను. తప్పు నాదే. ముందు రంగు అన్నది నేనే."

"అవును. నువ్వే అన్నావు. బోర్డు మీద నువ్వే రాసేవు." ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. చంటిదానికి పాఠం చెబుతున్నట్టే ఉంది. "తెలీక చేసినోల్ల మీద ఏ తప్పూ లేదు పాపా. పో, మొహం కడుక్కో. చీర సర్దుకుని రా."

"మీరు రెండో పూత ఎందుకు వేయించారు?"

సన్యాసిరావు చేతి గోరు కింద ఇరుక్కున్న ఎర్ర రంగు పెచ్చును తీసి పారేశాడు.

"మీకు తెలుసా బాబాయ్?"

"ముప్పై ఏళ్ళనించి ఇనుముతోనే బతుకుతున్నాను. రంగు కింద బెజ్జం దాక్కుంటాదని నాకు తెలీదనుకున్నావేటి?"

 కాక్ కింద నీళ్ళు చుక్కచుక్కగా బకెట్టులో పడుతున్నాయి.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊరుకుందువా? ఇదిగో, ఇలాగే గీకుతూ కూచుందువు. పాత బాడీలమ్మా అవి. నింపిన ప్రతిదానికీ ఎక్కడో ఓ చోట బెజ్జం ఉంటాది. అన్నీ పక్కన పడేస్తే ఈ షాపులో పన్నెండు మందీ ఎటు పోవాలి? హుంగే ఎటు పోవాలి? చెమట పడితే పడతాది. చెమటకి ఎవడూ సచ్చిపోడు."

"నీళ్ళయితే చెమటే. బురదయితే కాదు. అది ఆకురాయి లాంటిది, పోతూ పోతూ తన దారి తనే పెద్దది చేసుకుంటుంది అని ఈ బల్ల దగ్గరే నాకు చెప్పారు. ఎవరు చెప్పారు? మీరే కదా! సూదంత బెజ్జం వారంలో వేలంత అవుతుందన్నారు. ఆ తర్వాత బాడీ నిలువునా చీలుతుందన్నారు. మూడో పాయింటు కింద ఊరుంది బాబాయ్."

"ఊరికి అర కిలోమీటరుంది."

"కొలిచారా?"

ఆయన చూపు నేల మీది రంగు రేకుల మీదికి పోయింది. కొలిచినట్టే ఉంది.

ఆయనే లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. గొంతు ఇంకా తగ్గించాడు.

"సరే. ఇవాళ కమిటీలో లెగిసి నిల్చుంటావు. ఏటని చెప్తావు? ముప్పై ఎనిమిది కాగితాలూ తప్పు అంటావు. ఎవరి కాగితాలవి? నా సంతకం ఒక్కదాని మీద చూపించు, చాలు. లేదు. అన్నీ నీయే. రేపు ఏ పోలీసోడో వచ్చి అడిగితే ఎవర్ని అడుగుతాడు? మీ నాన్న ఆ కమిటీ ఉత్తరాన్ని అద్దం కట్టించి గోడకి పెట్టేడు. ఆయనకి నేనేటి చెప్పాలి? చెప్పు."



"నువ్వేటీ చెయ్యక్కర్లేదు పాపా. అబద్ధం ఆడక్కర్లేదు. కొత్తగా సంతకం పెట్టక్కర్లేదు. నెల్లాళ్ళూ ఊరుకున్నావు కదా, ఇంకో గంట ఊరుకో. అంతే."

హుంగే టీ గ్లాసులతో వచ్చింది. ఆయన నిలబడే తాగి, గ్లాసు ఆమెకిచ్చి, కారు తిప్పడానికి బయటికి నడిచాడు.

ఊరుకోవడం ఎంత సులువు! ఆమెకు అలవాటైన పనే. బళ్ళో పంతులు తప్పు చెప్పినా, కాలేజీలో ల్యాబు పరికరం తప్పు చూపించినా, పెద్దవాళ్ళకు తెలియదా అని ఊరుకుంటూనే ఇంత దూరం వచ్చింది. ఊరుకున్నవాళ్ళను మంచి పిల్ల అంటారు. తనను ఇరవయ్యారేళ్ళుగా అలాగే అంటున్నారు.

బల్ల సొరుగు లాగి, ఖాళీ పరీక్ష కాగితం ఒకటి తీసింది. వాల్వు నంబరు ఇరవయ్యారు. రంగు పూర్తిగా తీసి పరీక్షించినది. ఇరవై రెండు కిలోల దగ్గర మూడు చోట్ల కారింది. సంతకం పెట్టింది. సాక్షి అన్నచోట వేలు పెట్టి హుంగే వైపు తిప్పింది.

"నేనెందుకక్కా? నేను కూలిదాన్ని."

"చూసింది నువ్వే కదా."

"నాకేమన్న అయితదా?"

కాదు అని చెప్పాలనుకుంది.  "అవ్వొచ్చు హుంగే. పని పోవచ్చు. నాది కూడా."

బయట సన్యాసిరావు హారన్ కొట్టాడు. హుంగే ఒకసారి అటు చూసింది, ఒకసారి తాను రంగు వేసిన ఇనుము వైపు చూసింది. తర్వాత కలం తీసుకుని, నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని, హిందీ అక్షరాల్లో పేరు రాసింది.

"రంగు నాదే గద," అంది.

*

బస్తానార్ ఘాటు దిగాక సన్యాసిరావు కారాపి జామకాయలు కొన్నాడు. కోయించి, ఉప్పూకారం చల్లించి, పెద్ద ముక్కలు ఏరి ఆమె చేతిలో పెట్టాడు. "పొద్దున్నించి ఏటీ తినలేదు నువ్వు," అన్నాడు. ఆ జామముక్క నమలడం శాంతిప్రియకు గోనెపట్టా నమిలినంత పని అయింది. తిట్టినా బాగుండేది. దారంతా ఆయన అంత ప్రేమగానే ఉన్నాడు.

జగదల్‌పూర్‌లో లాడ్జి మేడ మీది హాలు. పొడుగాటి బల్ల, పదకొండు మంది మగవాళ్ళు, ఆమె. రాయపూర్ నుంచి వచ్చిన ముసలి అధ్యక్షుడు ఒక్కో నిబంధనా హిందీలో చదవడం, ఎవరికైనా అభ్యంతరమా అని అడగడం, ఎవరూ మాట్లాడకపోతే పక్కన చిన్న గీత గీయడం. ఆయన కుడిచేతి వైపు సన్యాసిరావు కూర్చున్నాడు. ఎడమవైపు అవినాష్. వాల్వులు వాడేవాళ్ళ తరఫున గని నుంచి వచ్చిన ఇంజనీరు. తెలుగువాళ్ళ అబ్బాయే గానీ పుట్టిందీ పెరిగిందీ జగదల్‌పూర్‌లో. నాలుగు మాటలకు రెండు హిందీవే దొర్లుతాయి.

నాలుగు, ఐదు, ఆరు. గీత, గీత, గీత.

"ఏడు," అన్నాడు అధ్యక్షుడు. చదివాడు. తలెత్తాడు. "అభ్యంతరం?"

సన్యాసిరావు ఆమె వైపు చూడలేదు. చూడనక్కర్లేదని ఆయనకు నమ్మకం. అధ్యక్షుడి కలం కాగితం మీద ఆనింది.

"ఉందండీ," అంది శాంతిప్రియ.

ఆమె లేచిందని ఆమెకే తెలియలేదు. వెనక కుర్చీ కిందపడిన చప్పుడుకు అందరూ తిరిగి చూశారు.

సన్యాసిరావు నవ్వాడు. "పిల్లకు కొత్త. గడువు అయిపోయి వారమైంది సార్. జవాబు రాయలేదు, ఒప్పుకున్నట్టే లెక్క."

"లెక్క అంతే," అన్నాడు అధ్యక్షుడు. "కానీ పరీక్ష ఆధారం ఉంటే చివరి సమావేశంలోనూ వింటాం. అదీ రాసుకున్నదే కదా సన్యాసిరావుగారూ. ఉందా అమ్మా?"

ఆమె కాగితం బల్ల మీద పెట్టి, ఫోనులో వీడియో పెట్టి ముందుకు తోసింది. ముసలాయన కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చూశాడు. ఫోను చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. 

"పట్టికలోని ముప్పై ఎనిమిది పరీక్షలూ నువ్వు చేసినవే కదా?"

"నేను చేసినవే. రంగు వేశాక చేసినవి. వాటిలో ఒక్కటీ చెల్లదు. కొట్టేయండి."

"రంగు వేశాక పరీక్షించమని ఎవరు చెప్పారు?"

 సన్యాసిరావు చెయ్యి మంచినీళ్ళ గ్లాసు మీద కదలకుండా ఉంది. ఆయన పేరు చెప్పేస్తే సగం బరువు దిగుతుంది. అది ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"నేనే," అంది. "ఆ ఆలోచన నాదే. నాకు తెలియక చేశాను. తెలిసీ ఊరుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే, ఆ సంగతి వాళ్ళే చెప్పాలి సార్."

సార్ అన్నది అధ్యక్షుణ్ణి కాదు. ఎవరినో బల్ల దగ్గరున్న వాళ్ళందరికీ అర్థమైంది. సన్యాసిరావు గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు. కింద పెట్టేటప్పుడు అది బల్ల అంచుకు తగిలింది.

అధ్యక్షుడు ఏడో నిబంధనకు అడ్డంగా పొడుగాటి గీత గీశాడు. "దీనికి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఇది ముందుకు పోదు. ప్రతి వాల్వుకూ పరీక్ష ఉంటుంది. పాతదే నిలుస్తుంది. రాసుకోండి."

గెలిచింది. కానీ సంతోషంగా లేదు. ఒంట్లోంచి ఏదో తీసేసినట్టు ఉంది. రేపటి నుంచి ఆమెకు బల్ల ఉండదు. బహుశా పని ఉండదు. ఇంటికెళ్ళి నాన్నకు చెప్పాలి. అయినా కింద పడ్డ కుర్చీని ఎత్తి సరిగ్గా పెట్టి, అవినాష్ వైపు తిరిగింది.

"అవినాష్‌గారూ, లైనులో పదకొండు ఉన్నాయి. బురద వదిలేది సోమవారం కదా. ఇంకా ఐదు రోజులుంది. ముందు మూడో పాయింటువి విప్పించండి."

అవినాష్ మొహంలో రంగు లేదు.

"సోమవారం కాదు మేడమ్."

"కాదంటే?"

"పైనుంచి జల్దీ జల్దీ అన్నారు. నిన్న సాయంత్రమే ఛోడ్ దియా. నీళ్ళు ఆపేసి స్లర్రీ, అదే బురద, వదిలేశారు." అతను గబగబా ఫోను తీశాడు. "టెన్షన్ తీసుకోకండి. పంప్‌హౌస్‌లో ఇరవై నాలుగ్గంటలూ ఆద్మీ ఉంటాడు. ఇప్పుడే ఫోన్ చేసి పూఛ్‌తా."

ఫోను బల్ల మధ్యలో పెట్టి స్పీకరు నొక్కాడు. ఆరుసార్లు మోగాక ఎత్తారు. వెనక పంపుల హోరు.

"బోలియే సార్." కుర్ర గొంతు, నిద్రలేని గొంతు.

"లైన్ ఎలా ఉంది? మూడో పాయింటు?"

"మిగతా అంతా ఠీక్ సార్. మూడో పాయింటు దగ్గరే పొద్దున ఆరింటి నుంచి ప్రెషర్ పడిపోతోంది. మీటర్ ఖరాబ్ అయిందనుకున్నాం. కింద సప్లై తగ్గకూడదన్నారు కదా, అందుకే ఇంతకుముందే రెండో పంపు కూడా చాలూ చేశాం."

శాంతిప్రియ బల్ల మీదికి వంగింది. "బాబూ, రెండూ ఆపెయ్. ఇప్పుడే ఆపెయ్. అది మీటరు కాదు, వాల్వు చీలుతోంది!"

"ఏం సార్? ఆవాజ్ రావట్లేదు. మోటరు చప్పుడు."

"బంద్ కర్!" అని అరిచాడు సన్యాసిరావు. కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో, రెండు చేతులూ బల్ల మీద బాది ఫోనులోకి అరుస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఆ గొంతు అలా పగలడం ఆమె ఎన్నడూ వినలేదు. "పంప్ బంద్ కర్ రే! దోనో బంద్ కర్!"

"ఏక్ మినిట్ సార్, వినబడటం లేదు. మీటర్ దగ్గరికెళ్ళి మళ్ళీ చూసొస్తాను. లైన్లోనే ఉండండి."

ఠక్కున చప్పుడైంది. ఫోనును ఏ బల్ల మీదో పెట్టేసి వెళ్ళాడు.

పన్నెండు మంది ఆ ఫోను చుట్టూ వంగారు. ఎవరెంత అరిచినా అవతల వినేవాడు లేడు. స్పీకరులోంచి రెండు పంపుల హోరు మాత్రం, ఒకదాని మీద ఒకటి పడుతూ, వస్తూనే ఉంది.